కమాండ్ లైన్ ఎక్కడ మొదలుపెట్టాలి? ముందు ఆ వంద కమాండ్ల జాబితా పక్కన పెట్టండి

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్తాను. ఇన్నాళ్లూ మౌస్‌తోనే పని గడిచింది, ఇప్పుడు ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి టెర్మినల్ (కమాండ్లు టైపు చేసే విండో) వాడక తప్పడం లేదు. వంద కమాండ్ల జాబితా ఒకటి దించుకుని చదువుతున్నారు, మర్నాటికి సగం కూడా గుర్తుండట్లేదు. ఫైలు డెస్క్‌టాప్ మీద కళ్లముందే ఉంది, అయినా "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" (అలాంటి ఫైలు గానీ ఫోల్డర్ గానీ లేదు) అని వస్తోంది. ఏదైనా తప్పు కొడితే కంప్యూటరే పాడవుతుందేమోనని భయం కూడా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను: ఆ జాబితా మూసేయండి. మొదట నేర్చుకోవాల్సింది కమాండ్లు కాదు, "నేనిప్పుడు ఏ ఫోల్డర్‌లో ఉన్నాను?" అని చూసుకునే అలవాటు. దానికి మూడు కమాండ్లు చాలు. పీడబ్ల్యూడీ ఎక్కడున్నారో చూపిస్తుంది, ఎల్ఎస్ అక్కడ ఏమేం ఉన్నాయో చూపిస్తుంది, సీడీ వేరే ఫోల్డర్‌లోకి తీసుకెళ్తుంది. మీ ఫైలు దొరకకపోవడానికి కారణం కూడా దాదాపు ఖాయంగా ఇదే. ఇక భయం సంగతి: అక్షరం తప్పు పడినంత మాత్రాన కంప్యూటర్ పాడవదు. "కమాండ్ నాట్ ఫౌండ్" అంటుంది, అక్కడితో సరి. నిజంగా నష్టం చేయగలిగేవి కొన్నే, అవేమిటో కింద విడిగా చెప్తాను.

నేను సర్వర్లు నడిపే పనిలో ఉన్నాను. కొత్తగా చేరేవాళ్లకు టెర్మినల్ అలవాటు చేయించడం చాలాకాలంగా నా వంతే. వాళ్లు ఎక్కడెక్కడ ఆగిపోతారో చూసి రాస్తున్నది ఇదంతా. కమాండ్లను పలికే తీరులోనే తెలుగులో రాస్తున్నాను, మీరు కొట్టేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి. లినక్స్‌కీ మ్యాక్‌కీ ఇది సరిపోతుంది. విండోస్ గురించి తర్వాత వేరుగా చెప్తాను.

మీ ఫైలు ఎందుకు దొరకట్లేదంటే

టెర్మినల్ తెరవగానే మీరు సాధారణంగా మీ హోమ్ ఫోల్డర్‌లో ఉంటారు. డెస్క్‌టాప్ అనేది ఆ హోమ్ లోపల ఉన్న ఇంకో ఫోల్డర్. మీరు ఫైలు పేరు ఒక్కటే ఇస్తే టెర్మినల్ దాన్ని మీరున్న ఫోల్డర్‌లోనే చూస్తుంది, లోపలి ఫోల్డర్లలోకి దిగి వెతకదు. స్క్రీన్ మీద మీకు ఏం కనిపిస్తోందో దానికి తెలియదు. వీధి పేరు చెప్పకుండా ఇంటి నంబరు ఒక్కటే చెప్తే, విన్నవాళ్లు తామున్న వీధిలోనే వెతుక్కుంటారు కదా, ఇదీ అంతే.

కాబట్టి ముందు పీడబ్ల్యూడీ కొట్టండి, తర్వాత ఎల్ఎస్. ఆ వరసలో మీ ఫైలు పేరు కనపడకపోతే దాన్ని నడిపే ప్రయత్నమే చేయకండి. సీడీ అని కొట్టి, ఒక స్పేస్ ఇచ్చి, డెస్క్‌టాప్ అని రాసి ఎంటర్ నొక్కండి. మళ్లీ ఎల్ఎస్ చూడండి. డెస్క్‌టాప్ పేరులో మొదటి అక్షరం పెద్దది అని గమనించండి. లినక్స్‌లో పెద్దక్షరంతో రాసిన పేరు, చిన్నక్షరంతో రాసిన పేరు రెండూ వేరువేరు.

దారి, అంటే ఫైలు ఏయే ఫోల్డర్ల లోపల ఉందో చెప్పే చిరునామా, రాసే పద్ధతి కూడా ఇక్కడే చూసేద్దాం. స్లాష్ "/" తో మొదలైతే అది అన్నిటికన్నా పైనుంచి రాసిన పూర్తి దారి. అలా మొదలవకపోతే మీరున్న చోటి నుంచి లెక్క. రెండు చుక్కలు ".." అంటే ఒక మెట్టు పైన ఉన్న ఫోల్డర్. ఒక్క చుక్క అంటే ఇప్పుడున్న ఫోల్డరే. టిల్డ "~" అంటే మీ హోమ్. పక్కన ఏమీ రాయకుండా ఉత్త సీడీ కొడితే నేరుగా హోమ్‌కి వెళ్లిపోతారు. సీడీ పక్కన హైఫన్ పెడితే ఇంతకుముందు ఉన్న ఫోల్డర్‌కి తిరిగి వెళ్తారు. ఈ చివరిది చాలామందికి చాలాకాలం దాకా తెలియదు, నేను రోజంతా వాడతాను.

సరైన ఫోల్డర్‌లోనే ఉన్నా ఫైలు దొరకట్లేదంటే అసలు పేరు వేరే ఏమైనా ఉందేమో చూడండి. మా దగ్గర చేరిన ఒకమ్మాయి ఇలాగే ఒక పూటంతా తంటాలు పడింది. ఆమె నోట్‌ప్యాడ్‌లో రాసి "టెస్ట్.పీవై" అని సేవ్ చేసింది, ఫోల్డర్ విండోలో కూడా అలాగే కనిపిస్తోంది. నిజానికి డిస్క్ మీద దాని పేరు "టెస్ట్.పీవై.టీఎక్స్‌టీ". విండోస్ ఫోల్డర్ విండో మామూలుగా చివరి ఎక్స్‌టెన్షన్‌ను దాచి చూపిస్తుంది. టెర్మినల్‌లో జాబితా చూడగానే ఆ తోక బయటపడింది. ఇలాంటి సందేహం వచ్చినప్పుడు ఫోల్డర్ విండోను కాకుండా టెర్మినల్ చూపించే జాబితానే నమ్మండి.

ఇంకో సులువు ఉంది. చాలా టెర్మినల్ విండోల్లోకి ఫైలును గానీ ఫోల్డర్‌ను గానీ మౌస్‌తో లాక్కొచ్చి వదిలితే, దాని పూర్తి దారి దానంతటదే టైపు అవుతుంది. మౌస్ వాడటం తప్పేమీ కాదు.

ట్యాబ్ కీ, పై బాణం

కమాండ్లకన్నా ముందు వేళ్లకు అలవాటు కావాల్సినవి ఈ రెండే. పేరులో రెండు మూడు అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతాది అదే పూర్తి చేస్తుంది. ఒకే మొదలుతో చాలా పేర్లుంటే ఇంకోసారి నొక్కితే అన్నీ వరసగా చూపిస్తుంది. టైపింగ్ తగ్గడం ఒక్కటే దీని లాభం కాదు. ట్యాబ్ పేరును పూర్తి చేయలేదంటే, చాలావరకు మీరు అనుకున్న చోట ఆ ఫైలు లేనట్టే. ఎంటర్ నొక్కకముందే తప్పు తెలిసిపోతుంది. నా దగ్గర నేర్చుకునేవాళ్లని ఫైలు పేర్లు పూర్తిగా టైపు చేయనివ్వను, ట్యాబ్ నొక్కమనే చెప్తాను.

పై బాణం ఇంతకుముందు కొట్టిన లైన్లను ఒక్కొక్కటిగా తెస్తుంది. కంట్రోల్, ఆర్ కలిపి నొక్కి ఒక ముక్క టైపు చేస్తే పాత లైన్లలో దాన్ని వెతికి పెడుతుంది. పాత లైను దొరుకుతుంది కాబట్టి బట్టీ పట్టాల్సిన అవసరమే సగం తీరిపోతుంది.

మీరు కొట్టిన లైన్‌ను అది ఎలా చదువుతుంది

నన్నడిగితే కొత్తవాళ్లకు ఎవరూ సరిగా చెప్పని భాగం ఇది, కాస్త నిదానంగా చదవండి.

టెర్మినల్ విండో లోపల మీ లైన్‌ను అందుకునే ప్రోగ్రామ్‌ను షెల్ అంటారు. లినక్స్‌లో ఎక్కువగా బ్యాష్ ఉంటుంది, అది 1989 నాటిది. మ్యాక్‌లో 2019 నుంచి జెడ్‌షెల్ వస్తోంది. ఇప్పుడు మీకు ఆ రెండింటి మధ్య తేడా పట్టించుకునే పని లేదు. షెల్ చేసేది ఏమిటంటే, మీ లైన్‌ను స్పేస్ ఉన్నచోటల్లా ముక్కలు చేస్తుంది. మొదటి ముక్క కమాండ్ పేరు. హైఫన్‌తో మొదలయ్యేవి ఆప్షన్లు, అంటే ఆ పని ఏ తీరులో చేయాలో చెప్పేవి. మిగతావి దేని మీద చేయాలో చెప్పేవి. ఉదాహరణకు ఎల్ఎస్ పక్కన "-ఎల్" పెడితే సైజు, తేదీ, అనుమతులతో సహా చూపిస్తుంది. "-ఏ" పెడితే చుక్కతో పేరు మొదలయ్యే దాపుడు ఫైళ్లు కూడా చూపిస్తుంది.

స్పేస్ ఉన్నచోటల్లా ముక్కలు చేస్తుందన్న ఈ ఒక్క మాట గుర్తుంటే ఎన్నో చిక్కులు వాటంతటవే విడిపోతాయి. "నా ప్రాజెక్ట్" అనే ఫోల్డర్‌లోకి సీడీతో వెళ్లబోతే షెల్‌కు "నా" ఒకటి, "ప్రాజెక్ట్" ఇంకొకటిగా రెండు పేర్లు కనిపిస్తాయి. పేరు మొత్తాన్ని కోట్స్‌లో పెడితే ఒక్కటిగా తీసుకుంటుంది. ట్యాబ్ వాడితే ఆ జాగ్రత్త అదే తీసుకుంటుంది. కొత్తగా పెట్టే పేర్లలో మాత్రం స్పేస్ బదులు హైఫన్ గానీ అండర్‌స్కోర్ గానీ పెట్టుకోండి, చాలా సుఖం.

నక్షత్రం గుర్తు "*" సంగతి ఇంకా ముఖ్యం. "*.టీఎక్స్‌టీ" అని రాస్తే దాన్ని విప్పేది కమాండ్ కాదు, షెల్. ముందు షెల్ ఆ నమూనాకు సరిపోయే ఫైళ్ల పేర్లన్నీ ఆ చోట పరిచేస్తుంది, ఆ తర్వాతే కమాండ్‌ను పిలుస్తుంది. కమాండ్‌కు నక్షత్రం కనపడనే కనపడదు, పేర్ల వరస కనిపిస్తుంది. అందుకే ఏం జరగబోతోందో ముందే చూసుకునే వీలుంది. ఎకో (ఈసీహెచ్ఓ) అనే కమాండ్ ఇచ్చినదాన్ని అలాగే తెర మీద రాస్తుంది. అసలు కమాండ్ బదులు ఎకో పెట్టి ఆ నమూనా ఇచ్చి చూడండి, ఏయే ఫైళ్ల మీద పని జరగబోతోందో మొత్తం కనిపిస్తుంది.

నిజంగా జాగ్రత్త పడాల్సినవి

ఆర్ఎమ్. ఇది తీసేసిన ఫైలు చెత్తబుట్టలోకి వెళ్లదు, నేరుగా పోతుంది. "-ఆర్" ఆప్షన్ ఇస్తే ఫోల్డర్ లోపలివన్నీ పోతాయి, "-ఎఫ్" ఇస్తే అడగకుండానే తీసేస్తుంది. ఆ రెండూ కలిపిన లైన్ ఎక్కడైనా కనిపిస్తే ఒక్కో అక్షరం చదవందే కొట్టకండి.

మా టీమ్‌లో ఒకతను పాత బ్యాకప్ ఫైళ్లు తీసేయబోయాడు. "ఆర్ఎమ్ *.బీఏకే" అని కొట్టాలి. నక్షత్రానికీ చుక్కకీ మధ్య ఒక స్పేస్ పడింది. ఇప్పుడు షెల్‌కు కనిపించేది రెండు ముక్కలు: నక్షత్రం ఒకటి, ".బీఏకే" ఒకటి. ఒంటరి నక్షత్రం అంటే ఆ ఫోల్డర్‌లో కనిపించే అన్ని పేర్లూ. ఫైళ్లన్నీ పోయాయి. ".బీఏకే అనే ఫైలు లేదు" అన్న సందేశం కూడా వచ్చింది, దాన్ని చూసి అతను మొదట ఏమీ జరగలేదనే అనుకున్నాడు. ముందురోజు రాత్రి తీసిన కాపీ ఉంది కాబట్టి సరిపోయింది. అప్పట్నుంచి అందరికీ ఒకటే చెప్తున్నాను: ముందు అదే నమూనాతో ఎల్ఎస్ కొట్టండి, వచ్చిన జాబితా చదవండి, తర్వాత పై బాణం నొక్కి ఎల్ఎస్‌ను ఆర్ఎమ్‌గా మార్చండి. నమూనా మళ్లీ టైపు చేయరు కాబట్టి కొత్త తప్పు దూరే సందు ఉండదు.

సీపీ కాపీ చేస్తుంది, ఎమ్‌వీ జరుపుతుంది లేదా పేరు మారుస్తుంది. గమ్యంలో అదే పేరుతో ఫైలు ఉంటే రెండూ సాధారణంగా అడగకుండానే దాని మీద రాసేస్తాయి. కొత్తలో రెండింటికీ "-ఐ" ఆప్షన్ పెట్టి వాడండి, రాసేముందు అడుగుతుంది. ఆర్ఎమ్‌కు కూడా ఇదే పనిచేస్తుంది.

తర్వాత ">" గుర్తు. కమాండ్ ఇచ్చే ఫలితాన్ని తెరమీదికి కాకుండా ఫైలులోకి పంపిస్తుంది. ఒకటే పెడితే ఆ ఫైలులో అంతకుముందున్నదంతా చెరిపేసి రాస్తుంది, రెండు ">>" పెడితే చివర కలుపుతుంది. ఇక్కడ అనుభవం ఉన్నవాళ్లు కూడా దెబ్బతినే చోటు ఒకటుంది. ఒక ఫైలులోని లైన్లను సార్ట్ కమాండ్‌తో క్రమంలో పెట్టి ఫలితాన్ని ">" తో అదే ఫైలులోకి పంపితే చివరికి ఖాళీ ఫైలు మిగులుతుంది. ఎందుకంటే సార్ట్ మొదలయ్యే ముందే షెల్ ఆ ఫైలును రాయడానికి తెరిచి ఖాళీ చేసేస్తుంది. సార్ట్ వచ్చి చదివేసరికి అందులో ఏమీ ఉండదు. ఫలితాన్ని ఎప్పుడూ వేరే పేరుకే పంపండి.

సూడో (ఎస్‌యూడీఓ) అంటే ఆ లైన్‌ను పూర్తి అధికారంతో నడపమని. పాస్‌వర్డ్ అడిగినప్పుడు మీరు టైపు చేసేది సాధారణంగా తెర మీద కనపడదు, చుక్కలు కూడా పడవు. కీబోర్డు పనిచేయట్లేదనుకుని అక్కడే ఆగిపోయినవాళ్లను చూశాను. మామూలుగా టైపు చేసి ఎంటర్ నొక్కండి. "పర్మిషన్ డినైడ్" (అనుమతి లేదు) అని వచ్చిన ప్రతిసారీ ముందు సూడో తగిలించే అలవాటు మాత్రం వద్దు. చాలాసార్లు మీరు ఉండకూడని ఫోల్డర్‌లో ఉన్నారన్నదే ఆ సందేశం చెప్తున్న సంగతి. మళ్లీ పీడబ్ల్యూడీ కొట్టి చూడండి.

ఏమీ రాలేదంటే పని అయినట్టే

ఫైలు కాపీ చేసి ఎంటర్ నొక్కితే ఏ సందేశమూ రాదు. కొత్తవాళ్లు పని జరగలేదనుకుని మళ్లీ మళ్లీ కొడతారు. ఇక్కడ మౌనమే సఫలం. దీనికి చరిత్ర ఉంది. 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ, లినక్స్, మ్యాక్‌ల పద్ధతులకు మూలమైన యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మొదలుపెట్టిన కాలంలో ఎదురుగా ఉన్నవి తెరలు కావు, కాగితం మీద అచ్చుకొట్టే టెలిటైప్ యంత్రాలు. సెకనుకు 10 అక్షరాలు కొట్టడమే అప్పుడు మామూలు. అలాంటి యంత్రం మీద "పని విజయవంతంగా పూర్తయింది" అని ప్రతిసారీ అచ్చు వేయించుకుంటూ కూర్చోవడం ఎవరికి ఓపిక? కమాండ్ల పేర్లు రెండు మూడు అక్షరాలతో ఉండటం కూడా ఆ కాలం అలవాటే. అందుకని ఆ పేర్లు వింతగా ఉన్నాయని దిగులు పడకండి.

సందేశం వస్తే మాత్రం చదవండి. చాలామంది ఎర్రర్ కనపడగానే తెర తుడిచేసి మళ్లీ మొదలుపెడతారు. సాధారణంగా ఆ వరస ఇలా ఉంటుంది: ముందు ఫిర్యాదు చేస్తున్న కమాండ్ పేరు, తర్వాత ఏ ఫైలు గురించో, చివర కారణం. మధ్యలో ఉన్న ఫైలు పేరును మీరు కొట్టాలనుకున్న పేరుతో అక్షరం అక్షరం పోల్చండి. సగం పేరే కనిపిస్తుంటే స్పేస్ దగ్గర తెగిందన్నమాట. "కమాండ్ నాట్ ఫౌండ్" అంటే పేరు తప్పు కొట్టారు, లేదా ఆ ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ కాలేదు, లేదా షెల్ వెతికే ఫోల్డర్లలో అది లేదు. ఆ ఫోల్డర్ల పట్టికనే పాత్ అంటారు.

ఇరుక్కుపోతే బయటపడే దారులు

నడుస్తున్నది ఆపాలంటే కంట్రోల్, సీ. టెర్మినల్‌లో అది కాపీ కాదని గుర్తుంచుకోండి. లినక్స్ టెర్మినళ్లలో ఎక్కువగా కాపీకి షిఫ్ట్ కూడా కలపాలి. లైను మొదట్లో ఉత్త ">" మాత్రమే కనిపిస్తూ ఏం కొట్టినా స్పందన లేకపోతే, ఎక్కడో కోట్ తెరిచి మూయలేదని అర్థం. దానికీ కంట్రోల్, సీ చాలు. పేజీలు పేజీలుగా చూపించే తెరలో ఉండిపోతే "క్యూ" నొక్కండి. అనుకోకుండా విమ్ ఎడిటర్‌లోకి వెళ్లిపోతే ఎస్కేప్ నొక్కి, కోలన్, క్యూ, ఆశ్చర్యార్థకం కొట్టి ఎంటర్ నొక్కితే సేవ్ చేయకుండా బయటికొస్తారు. ఏం నొక్కినా తెర కదలకపోతే పొరపాటున కంట్రోల్, ఎస్ నొక్కి ఉంటారు. కంట్రోల్, క్యూ నొక్కితే మళ్లీ కదులుతుంది.

నెట్‌లో దొరికిన లైన్లు అతికించేటప్పుడు

ఉదాహరణల్లో లైను మొదట్లో కనిపించే డాలర్ గుర్తు "$" షెల్ చూపించే గుర్తు, కమాండ్‌లో భాగం కాదు, దాన్ని వదిలేసి కాపీ చేయండి. కొన్ని పేజీలు మామూలు కోట్స్‌ను వంకర కోట్స్‌గా మార్చేస్తాయి, షెల్‌కు అవి కోట్స్ కావు. పైగా కాపీ చేసినదాని చివర ఎంటర్ కూడా దాగి ఉంటే, మీరు చదివేలోపే అది నడిచిపోవచ్చు. ముందు ఏదైనా ఎడిటర్‌లో అతికించి, చదివి, అప్పుడు తీసుకెళ్లండి. ఇంటర్నెట్ నుంచి ఏదో దించి నేరుగా షెల్‌కు అప్పగించే లైన్లుంటాయి కదా, ఇచ్చినవాళ్లెవరో మీకు తెలిస్తే తప్ప వాటి జోలికి పోకండి. చాట్‌బాట్ ఇచ్చిన లైన్‌కూ ఇదే నియమం. అందులో ప్రతి ముక్కా ఏం చేస్తుందో చెప్పించుకుని అప్పుడు కొట్టండి.

ఒక కమాండ్ గురించి సొంతంగా తెలుసుకోవాలంటే మ్యాన్ అని కొట్టి పక్కన దాని పేరు ఇవ్వండి. ఆ పేజీలు మొదట్లో బరువుగానే అనిపిస్తాయి, అంతా చదవక్కర్లేదు. స్లాష్ నొక్కి కావలసిన ఆప్షన్‌ను వెతకండి, దొరికాక క్యూ నొక్కి బయటికి రండి.

విండోస్ వాడుతుంటే

విండోస్‌లో రెండు షెల్‌లుంటాయి. పాత కమాండ్ ప్రాంప్ట్ ఒకటి, 2006లో వచ్చిన పవర్‌షెల్ ఒకటి. పవర్‌షెల్ తెరవండి, అందులో పీడబ్ల్యూడీ, ఎల్ఎస్, సీడీ మూడూ పనిచేస్తాయి. ఆప్షన్లు మాత్రం లినక్స్‌వి కావు, అందుకే లినక్స్ పాఠంలోని లైన్లను యథాతథంగా అతికిస్తే తేడా వస్తుంది. పాత ప్రాంప్ట్‌లో ఎల్ఎస్ బదులు డిర్ అనాలి. డ్రైవ్ మారాలంటే అక్కడ సీడీ చాలదు, "డి:" అని విడిగా కొట్టాలి. ఇంకో సంగతి, వన్‌డ్రైవ్ (మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ స్టోరేజ్) బ్యాకప్ ఆన్‌లో ఉంటే మీ డెస్క్‌టాప్ ఫోల్డర్ అసలు చోటు వన్‌డ్రైవ్ ఫోల్డర్ లోపల ఉంటుంది. మీ ఫైలు దొరకకపోవడానికి ఇది కూడా కారణం కావచ్చు. మీ పాఠాలు లినక్స్‌వే అయితే విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ పెట్టుకోండి, పాఠంలో ఉన్నది ఉన్నట్టు పనిచేస్తుంది.

ఇక సాధన

హోమ్‌లో ఒక సాధన ఫోల్డర్ పెట్టుకోండి, మేక్‌డిర్ (ఎమ్‌కేడీఐఆర్) కమాండ్ దానికే. అందులోకి మీ సొంత ఫైళ్ల కాపీలు కొన్ని వేసుకోండి. ఏం చేసినా అందులోనే. ఫోటోలను సంవత్సరం వారీగా ఫోల్డర్లలోకి సర్దడం, నోట్స్ ఫైళ్లలో ఒక పదం ఎక్కడెక్కడ ఉందో వెతకడం లాంటి మీకు నిజంగా అవసరమైన పని ఒకటి తీసుకోండి. అవసరం కోసం కొట్టిన కమాండ్ గుర్తుంటుంది, జాబితాలో చదివింది గుర్తుండదు.

వెతకడం దాకా వచ్చాక, ఫైళ్లలో పదాలను వెతికే గ్రెప్ (జీఆర్ఈపీ) పట్టుకోండి, దాంతోపాటే పైపు "|" కూడా. ఒక కమాండ్ ఫలితాన్ని ఇంకో కమాండ్‌కు అందించే ఈ పద్ధతి బెల్ ల్యాబ్స్‌కే చెందిన డగ్ మెక్ఇల్‌రాయ్ ఆలోచన, 1973లో యూనిక్స్‌లోకి వచ్చింది. టెర్మినల్ అసలు బలం ఇక్కడే తెలుస్తుంది. గ్రెప్‌తో ఒక పదమున్న లైన్లు ఏరి, వాటిని పైపులో, లైన్లు, పదాలు లెక్కపెట్టే డబ్ల్యూసీ కమాండ్‌కు "-ఎల్" ఆప్షన్‌తో పంపితే అలాంటి లైన్లు ఎన్ని ఉన్నాయో లెక్క వచ్చేస్తుంది. వందల ఫైళ్లున్నా అదే ఒక్క లైను. మౌస్‌తో ఒక్కొక్కటీ తెరిచి చూస్తే ఎంతసేపు పడుతుందో మీకే తెలుసు. నేర్చుకునేవాళ్ల ముఖం వెలిగేది ఈ దగ్గరే, అందుకే దీన్ని మరీ వెనక్కి నెట్టకండి.

సెడ్, ఆక్ (ఫైళ్లలోని అక్షరాలను మార్చే, ఏరే కమాండ్లు), షెల్ స్క్రిప్టులు ఇప్పుడే అక్కర్లేదు. ఒకే పనిని రోజూ చేతితో చేయాల్సి వచ్చి విసుగు పుట్టినప్పుడు స్క్రిప్ట్ మొదలుపెట్టండి. అప్పటికి మీరు ఈమధ్య కొట్టిన లైన్లు హిస్టరీ అనే కమాండ్‌తో కనిపిస్తాయి. వాటిలోంచి పనికొచ్చినవి ఏరి ఒక ఫైలులో వరసగా పెడితే అదే మీ మొదటి స్క్రిప్ట్.